అనుకోని డబ్బుతో తుపాకీ కొనాలనుకునే వారికి: విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్చికి మంచి ధర పలికినా, అమరావతి వైపు ప్లాటు అమ్ముడైనా, ఏళ్లుగా రావలసిన బకాయిలు ఒక్కసారిగా ఖాతాలో పడినా, మన వైపు మొదట బంగారం కొంటారు, తరువాత కారు మారుస్తారు, ఆ తరువాత కొందరికి తుపాకీ మీదకు మనసు మళ్లుతుంది. అలాంటి వారు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి కనుక వాటికి సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాము. తుపాకీని కొనవద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. అయితే ఈ దేశంలో ఏ తుపాకీ కొనాలో నిర్ణయించేది చేతిలోని డబ్బు కాదనీ, లైసెన్సు మీద రాసిన అవసరమనీ ముందుగా తెలుసుకోవడం మంచిది.

చేతిలో అనుకోకుండా మూడు లక్షలు మిగిలాయి. ఏ తుపాకీ కొనమంటారు?

లైసెన్సు ఉందా అన్నది మా మొదటి ప్రశ్న. లేకపోతే మోడల్ గురించి మాట్లాడుకోవడం ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే అవుతుంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు చేతికి వచ్చిన తరువాతే తుపాకీని కొనాలి. ఏ రకం ఆయుధం కొనవచ్చో, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏ ప్రాంతంలో వెంట తీసుకువెళ్లవచ్చో, ఎంత గడువులోగా కొని చూపించాలో అన్నీ ఆ లైసెన్సులోనే ఉంటాయి. దుకాణదారుకు బయానా ఇచ్చి దరఖాస్తు పెట్టుకున్నవారు కొందరున్నారు. వారిలో డబుల్ బ్యారెల్‌కు లైసెన్సు వచ్చి, రివాల్వర్‌కు ఇచ్చిన బయానా కోసం షాపు చుట్టూ తిరిగినవారు కూడా ఉన్నారు.

నాకు ఆస్తి ఉంది, పన్ను కడుతున్నాను, ఏ కేసూ లేదు. లైసెన్సు నా హక్కు కాదా?

కాదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదని చట్టంలోని 14వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఆస్తి ఉన్నంత మాత్రాన ఇచ్చి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. అధికారి చూసేది అవసరాన్ని. రోజూ నగదు వెంటబెట్టుకుని తిరిగే నగల వ్యాపారి, మిర్చి యార్డు నుంచి పొద్దుపోయాక డబ్బుతో ఇంటికి వెళ్లే కమీషన్ వ్యాపారి, బెదిరింపులు వచ్చి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చిన మనిషి, ఊరికి దూరంగా తోటలో కాపురముండే రైతు, పోటీల్లో పాల్గొనే షూటర్, వీరిలో ప్రతి ఒక్కరూ తమ కారణాన్ని కాగితం మీద చూపగలరు. ‘ఈమధ్య డబ్బు వచ్చింది, నలుగురికీ తెలిసింది, భయంగా ఉంది’ అన్నది కూడా కారణమే గాని, దానికి ఆధారం చూపమంటారు. నిజానికి అలాంటి భయానికి బ్యాంకు లాకరు, గట్టి తలుపు, వీధిలోకి చూసే కెమెరా తుపాకీ కన్నా ఎక్కువ ఉపయోగపడతాయని మా అభిప్రాయం.

వయసు 21 నిండి ఉండాలి. శారీరక, మానసిక ఆరోగ్యం గురించి వైద్యుడి ధ్రువపత్రం, తుపాకీని సురక్షితంగా వాడడంలో శిక్షణ పొందినట్టు పత్రం, ఇంట్లో భద్రంగా ఉంచుతానన్న హామీ కూడా జతచేయాలి. దరఖాస్తును తిరస్కరిస్తే దాని మీద అప్పీలు చేసుకునే అవకాశం చట్టంలోనే ఉంది.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలి?

మీరు నివసించే చోటును బట్టి. విజయవాడ నగరం పోలీస్ కమిషనరేట్ కిందికి వస్తుంది కనుక అక్కడ లైసెన్సు ఇచ్చే అధికారి పోలీస్ కమిషనర్. గుంటూరు, తెనాలి, మంగళగిరి వారికి గుంటూరు జిల్లా కలెక్టర్. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయిన సంగతి చాలామంది ఈ విషయంలో మరచిపోతారు. నరసరావుపేట, మాచర్ల వైపు వారు ఇప్పుడు పల్నాడు కలెక్టర్‌కూ, బాపట్ల వైపు వారు బాపట్ల కలెక్టర్‌కూ, మచిలీపట్నం వైపు వారు కృష్ణా కలెక్టర్‌కూ దరఖాస్తు చేయాలి. విభజనకు ముందు పాత ఉమ్మడి గుంటూరు జిల్లాలో తీసుకున్న లైసెన్సు ఉన్నవారు ఇప్పుడు తమ దస్త్రం ఏ కలెక్టరేట్‌లో ఉందో రెన్యువల్ వేళ కాకుండా ముందే కనుక్కోవడం మంచిది.

ఎంత కాలం పడుతుంది? ఈలోగా డబ్బు ఖర్చయిపోతే?

2016 ఆయుధాల నియమాల్లో పోలీసు నివేదికకూ అధికారి నిర్ణయానికీ గడువులు ఉన్నాయి. కాని విచారణలు, సంతకాలు, మధ్యలో వచ్చే ఎన్నికలు కలిసి ఆ గడువులను సాగదీస్తాయి. నెలల లెక్క అనుకుని దిగడం మంచిది. ఆ డబ్బును చిన్న కాలపరిమితి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి ఉంచండి. లైసెన్సు వచ్చేలోపు మనసు మారితే నష్టమేమీ ఉండదు. ఆ నిరీక్షణలోనే చాలామందికి మనసు మారుతుంది కూడా, అందులో తప్పేమీ లేదు.

తుపాకీ ధర కాక ఇంకేం ఖర్చు ఉంటుంది?

అందరూ లెక్క తప్పేది ఇక్కడే. 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. అంటే పన్నుకు ముందు లక్ష రూపాయలున్న రివాల్వర్ పాత లెక్కలో 1,28,000 అయ్యేది, ఇప్పుడు 1,40,000 అవుతుంది. పాత ధరల పట్టిక పట్టుకుని ఎవరైనా చెప్పిన అంకెను నమ్మకండి. దాని మీద తూటాల ఖర్చు, గోడకు బిగించే ఇనుప పెట్టె, శిక్షణ, శుభ్రపరిచే నూనె, బ్రష్‌లు, కాల్పులు సాధన చేసే రేంజికి వెళ్లిన ప్రతిసారీ అయ్యే ఖర్చు వచ్చి చేరతాయి. ప్రభుత్వ లైసెన్సు ఫీజు వీటితో పోలిస్తే చాలా చిన్నది.

మూడు లక్షలుంటే మూడు లక్షల తుపాకీ కొనడం తెలివైన పని కాదు. సగానికి సగం తుపాకీకి, మిగిలినది శిక్షణకూ తూటాలకూ భద్రతకూ పక్కన పెట్టినవారే దానిని సరిగ్గా వాడగలుగుతారు. కొన్న నాటి నుంచి ఒక్క తూటా కూడా పేల్చకుండా బీరువాలో పెట్టిన రివాల్వర్, ఆపద వేళ చేతిలోకి వచ్చినప్పుడు యజమానికే కొత్తగా ఉంటుంది.

ఆత్మరక్షణకు రివాల్వర్ మంచిదా, పిస్టల్ మంచిదా?

సాధారణ పౌరులకు దొరికే చేతి తుపాకులు, రివాల్వర్ అయినా పిస్టల్ అయినా, ఎక్కువగా పాయింట్ 32 బోర్‌వే. బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు. 9 ఎంఎం, పాయింట్ 38 వంటివి నిషిద్ధ బోర్ల కిందికి వస్తాయి. వాటి లైసెన్సు కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది కనుక వాటిని ఈ చర్చలోకి తీసుకురావడం లేదు.

రివాల్వర్‌లో ఆరు తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు సిలిండర్ తిరిగి తరువాతి తూటా బ్యారెల్ ఎదురుగా వస్తుంది. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే సరిపోతుంది, మరేమీ చేయనక్కరలేదు. తూటాలు ఉన్నాయో లేవో సిలిండర్ తెరిచి చూస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది. పిస్టల్ పలుచగా ఉంటుంది, చొక్కా కింద కనబడదు, తూటాలు ఉండే పెట్టె, అంటే మ్యాగజైన్, మార్చడం తేలిక. కాని మ్యాగజైన్ తీసేసిన తరువాత కూడా పేలే ముందు తూటా కూర్చునే ఛాంబర్‌లో ఒకటి మిగిలి ఉండవచ్చు. ఇంట్లో జరిగే ప్రమాదాలకు తరచుగా దారితీసేది ఆ మిగిలిన ఒక్క తూటాయే. తూటా ఇరుక్కుంటే పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగాన్ని, అంటే స్లైడ్‌ను, లాగి తీయడం అలవాటుండాలి, ఆ అలవాటు రేంజిలోనే వస్తుంది. అందువల్ల క్రమం తప్పకుండా సాధన చేయలేని మనిషికి మేము రివాల్వర్‌నే సూచిస్తాము.

ఇంకొక విషయం చెప్పాలి. రెండింటినీ పాయింట్ 32 అనే పిలిచినా వాటి తూటాలు వేరు. రివాల్వర్‌లో వాడేది పొడవుగా, అడుగున అంచుతో ఉండే ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తూటా. పిస్టల్‌లో వాడేది పొట్టిగా ఉండే ఏసీపీ తూటా. ఒకదానిలో వాడవలసినది మరొకదానిలో పెట్టకూడదు. కొత్తగా కొన్నవారు తూటాలు తెచ్చుకునేటప్పుడు ‘పాయింట్ 32 ఇవ్వండి’ అని ఊరుకోక, తుపాకీ పేరు, రకం చెప్పి, పెట్టె మీద ఉన్నది చదివి తీసుకోవాలి.

మన దేశంలో తయారయ్యే వాటిలో ఏవి చూడవచ్చు?

ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు 2021 అక్టోబరు 1 నుంచి ఏడు ప్రభుత్వ రంగ కంపెనీలుగా మారాయి. చిన్న ఆయుధాలు వాటిలో కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చాయి. దుకాణంలో పాత అలవాటుగా ‘ఆర్డ్‌నెన్స్ రివాల్వర్’ అనే ఇప్పటికీ అంటారు.

పాత మార్క్ 3 రివాల్వర్ గట్టిది, బరువైనది, మరమ్మతు తెలిసినవారు దొరుకుతారు. 2014లో వచ్చిన నిర్భీక్ దాదాపు 500 గ్రాముల బరువుతో చేతిసంచిలో పెట్టుకునేలా తయారయింది. ఢిల్లీ నిర్భయ ఘటన తరువాత మహిళల కోసమని దానికి ఆ పేరు పెట్టారు. బరువు తక్కువైతే మోయడం సులువే గాని, పేల్చినప్పుడు చేతికి తగిలే వెనుకదెబ్బ ఆ మేరకు పెరుగుతుందని కొనేటప్పుడు గుర్తుండాలి. ఈ రెండూ నడుము దగ్గర విరిచినట్టు పైనుంచి తెరుచుకుంటాయి. 2023 ఆగస్టులో విడుదలైన ప్రబల్ సిలిండర్ మాత్రం పక్కకు తెరుచుకుంటుంది. తెరిచే పద్ధతి అలవాటును బట్టి నచ్చుతుంది కనుక అవకాశముంటే రెండు రకాలనూ చేతిలో పట్టి చూడాలి. పిస్టల్ కావాలంటే ప్రభుత్వ కర్మాగారాల్లో తయారైన అశని ఉంది. ప్రైవేటు రంగంలో ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో పాయింట్ 32 రివాల్వర్లు తయారవుతున్నాయి.

దుకాణంలో అడగకుండానే ఖాళీగా ఉందని చూపించే వ్యాపారిని నమ్మవచ్చు. మీరు కూడా చేతిలోకి తీసుకోగానే తెరిచి చూడండి. పిడి మీద చిటికెనవేలు కూడా పట్టు దొరికేలా ఉందో లేదో చూడండి. బ్యారెల్ గోడ వైపు ఉంచి, దుకాణదారు అనుమతితో ట్రిగ్గర్‌ను మెల్లగా చివరి దాకా లాగినప్పుడు గురి కదిలిపోతే ఆ తుపాకీ మీ చేతికి బరువన్నమాట.

విదేశీ తుపాకీ కొనవచ్చా?

కొత్తది దాదాపు అసాధ్యం. సాధారణ పౌరులు విదేశాల నుంచి తెప్పించుకునే దారి 1980ల నడుమ నుంచి మూసుకుపోయింది. గుర్తింపు పొందిన క్రీడా షూటర్లకు, నివాసం మార్చుకుని తిరిగివచ్చే కొందరికి మాత్రం షరతులతో మినహాయింపు ఉంది. ఈ కారణంగా పాత విదేశీ రివాల్వర్లు లైసెన్సుదారుల మధ్యే చేతులు మారుతూ, వాటి అసలు విలువకు ఎన్నో రెట్లు పలుకుతున్నాయి. చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఆ పేరు వినగానే మనసు లాగుతుంది. మా మాట అడిగితే, ఆ ధరలో సగానికి పైగా మీరు చెల్లించేది పేరుకే.

పొలం, తోట కాపలాకు ఏది తగినది?

12 బోర్ తుపాకీయే. 20 అంగుళాలకు తగ్గని బ్యారెల్ ఉన్న నున్నగొట్టం తుపాకీని రక్షణకో క్రీడకో కోరే పౌరుడి విషయంలో చట్టం కొంత ఉదారంగా ఉంది కూడా. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా చేస్తే ఒక్కో గుండు ఎంత వెడల్పు ఉంటుందో అంత వెడల్పు గొట్టాన్ని 12 బోర్ అంటారు. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. సింగిల్ బ్యారెల్ చౌక, తేలిక. డబుల్ బ్యారెల్‌లో వెంటనే రెండో తూటా సిద్ధంగా ఉంటుంది, ఒక గొట్టానికి తెరిచిన చోక్ (గొట్టం చివరి ఇరుకు), రెండో దానికి బిగువైన చోక్ ఉండడం వల్ల దగ్గరకూ కొంచెం దూరానికీ పనికివస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు చేతిలోకి తీసుకునే రైతుకు మేము డబుల్ బ్యారెల్‌నే చెబుతాము. తెరిచి చూస్తే రెండు గొట్టాలూ ఆవలి వెలుతురు దాకా కనబడతాయి కనుక ఇంట్లో ఎవరికీ అనుమానం ఉండదు. ముందు పిడిని వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించే పంప్ యాక్షన్ తుపాకీ చూపుకు ఆకర్షణీయంగానే ఉంటుంది, కాని దాని లోపలి యంత్రాన్ని శుభ్రంగా ఉంచే ఓపిక కావాలి.

తూటాల్లో చిన్న గుళ్లవి, పెద్ద గుళ్లవి అని రకాలున్నాయి. కృష్ణా డెల్టాలో పొలాలు చదునుగా, ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో కాలువగట్ల మీద మనుషులు నడుస్తూ ఉంటాయి. పెద్ద గుండు ఆగే గట్టు కనబడని చోట దానిని పేల్చకూడదు.

అడవి పందులు పంట పాడుచేస్తున్నాయి. లైసెన్సు ఉంటే కాల్చవచ్చా?

ఆయుధ లైసెన్సు కాల్చడానికి అనుమతి కాదు. అడవి పంది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది. 2022 సవరణ తరువాత అది రెండో షెడ్యూల్‌లో చేరింది. పంటనష్టం ఉన్నప్పుడు అధీకృత అటవీ అధికారి లిఖితపూర్వక ఉత్తర్వు ఇస్తేనే ఆ జంతువును వేటాడడం నేరం కాకుండా పోతుంది. ఉత్తర్వు లేకుండా కాల్చితే తుపాకీ, లైసెన్సు, స్వేచ్ఛ మూడూ పోతాయి.

మాచర్ల వైపు వారికి ఇంకొక చిక్కు ఉంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల రక్షిత ప్రాంతం ఆ దిక్కున పల్నాడు జిల్లాలోకి వస్తుంది. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు నివసించేవారికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి ముందస్తు సమ్మతి లేకుండా కొత్త లైసెన్సు ఇవ్వకూడదు, పాత లైసెన్సుదారులు తమ పేరును అటవీశాఖ వద్ద నమోదు చేయించుకోవాలి. మీ ఊరు ఆ పరిధిలో ఉంటే దరఖాస్తుకు ముందే అటవీశాఖ కార్యాలయంలో విచారించండి.

పాయింట్ 315 రైఫిల్ తీసుకోవచ్చా? చూడడానికి దర్జాగా ఉంటుంది.

దర్జాకయితే వద్దు. దాని తూటా కిలోమీటరు దాటి వెళ్లగలదు. మన కోస్తాలో తూటా ఆగే కొండ గాని, మనిషి తిరగని మైదానం గాని అంత దూరంలో ఎక్కడుంది?

పాత తుపాకీ కొంటే కలిసివస్తుందా?

కలిసిరావచ్చు, అయితే చూసే కన్ను ఉండాలి. లైసెన్సుదారు తన తుపాకీని అర్హత ఉన్న మరొకరికి అమ్ముకోవచ్చు. కాని ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో తెలియజేసి, ఆ తరువాత కనీసం 45 రోజులు గడిచాకే అమ్మకం జరగాలి. ‘ముందు తుపాకీ పట్టుకెళ్లండి, కాగితాలు తరువాత చూసుకుందాం’ అన్నవాడు మిత్రుడైనా బంధువైనా అతని దగ్గర కొనకండి. సీరియల్ నంబరు చెరిపేసినట్టో, కొత్తగా కొట్టినట్టో కనబడితే దానిని చేతితో కూడా ముట్టుకోవద్దు. నంబరు చెరిగిన ఆయుధం మీ దగ్గర ఉంటే దానిని చెరిపింది మీరేనని చట్టం మొదట భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన భారం మీదే అవుతుంది.

డబుల్ బ్యారెల్ అయితే తెరిచి, రెండు గొట్టాలనూ వెలుతురుకు ఎత్తి పట్టి లోపలికి చూడండి. అద్దంలా మెరవాలి. అక్కడక్కడ మశూచి మచ్చల్లాంటి గుంటలు కనబడితే తుప్పు తిన్నదని అర్థం. మూసిన తరువాత బ్యారెళ్లను పట్టుకుని పక్కకు కదిపి చూడండి, చిన్న కదలిక ఉన్నా బిగింపు అరిగిందన్నమాట. గొట్టం పైభాగాన అలలలాంటి గోధుమరంగు చారలుంటే అది డమాస్కస్ పనితనం. చూడడానికి అందమే గాని, నేటి తూటాల ఒత్తిడిని తట్టుకోవడానికి చేసినది కాదు. ఛాంబర్ పొడవు బ్యారెల్ అడుగున చెక్కి ఉంటుంది. పాతవాటిలో 65 మిల్లీమీటర్లు ఉండవచ్చు, నేడు ఎక్కువగా దొరికే తూటాలు 70 మిల్లీమీటర్లవి. 70 తూటా 65 ఛాంబర్‌లో దూరుతుంది, అపాయం అక్కడే ఉంది. పేలినప్పుడు విచ్చుకునే తూటా నోటికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. రివాల్వర్ అయితే సుత్తి వెనక్కి లాగిన స్థితిలో సిలిండర్‌ను వేలితో కదిపి చూడండి, గట్టిగా నిలబడాలి.

మీకు ఇవేవీ తెలియకపోతే తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లండి. అతనికి ఇచ్చే కూలీ ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే అతి సార్థకమైన ఖర్చు.

మా తాతగారి తుపాకీ ఇంట్లో ఉంది. ఇప్పుడు కొత్తది కూడా కొనవచ్చా?

ఆ పాతది ఎవరి లైసెన్సు మీద ఉందో ముందు చూడండి. లైసెన్సుదారు మరణించాక ఇంట్లోనే ఉండిపోయిన తుపాకీ చట్టం దృష్టిలో లైసెన్సు లేని ఆయుధమే. దానిని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి వద్దనో డిపాజిట్ చేసి, వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. తాతగారు జీవించి ఉండగానే ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం ఆయన వద్ద 25 ఏళ్లు ఉన్నా వారసుడి పేర మార్చుకునే వీలు నియమాల్లో ఉంది. పెద్దాయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ పని చేసుకుంటే తరువాత తిప్పలు ఉండవు.

2019 సవరణతో ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల గరిష్ఠ సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. వారసత్వంగా వచ్చినవీ ఆ రెండింటిలోనే లెక్క. అదే సవరణ లైసెన్సు కాలాన్ని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.

నాకు శత్రువులు లేరు, పొలం లేదు. గురిపెట్టి కాల్చడమంటే సరదా. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగేవారికి సమాధానం చెప్పడం మాకు అన్నిటికన్నా ఇష్టం. మీ డబ్బు ఎయిర్ రైఫిల్ మీదో ఎయిర్ పిస్టల్ మీదో పెట్టండి. 4.5 మిల్లీమీటర్ల బోర్‌తో, 20 జౌల్స్‌కు లోబడిన శక్తితో పనిచేసే ఎయిర్ తుపాకులకు 2016 నియమాల తరువాత లైసెన్సు అవసరం లేదు. దుకాణంలో గుర్తింపు, చిరునామా పత్రాలు చూపి కొనవచ్చు.

ఈ తుపాకులతో పోటీల్లో కాల్చే 10 మీటర్ల దూరం చాలా చిన్నదనిపిస్తుంది. కాని రైఫిల్ లక్ష్యపు నడిమి పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చినదీ, 2012 లండన్‌లో హైదరాబాద్ వాసి గగన్ నారంగ్ కాంస్యం గెలిచినదీ ఈ విభాగంలోనే. 2024 పారిస్‌లో మను భాకర్ గెలిచిన రెండు కాంస్యాలూ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో వచ్చాయి.

రైఫిల్ బరువు 5.5 కిలోలు, పిస్టల్ బరువు 1.5 కిలోలు దాటకూడదనీ, పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల లాగుడుకు గాని పడకూడదనీ పోటీ నిబంధనలున్నాయి. కొనేముందు ఒక కోచ్ వద్ద కొన్ని వారాలు అక్కడి తుపాకీతోనే సాధన చేయండి. మీది రైఫిల్ నిలకడా, పిస్టల్ చేయా అన్నది అక్కడే తేలుతుంది. మొదటి కొనుగోలుకు ప్రెసిహోల్ వంటి స్వదేశీ తయారీ చాలు. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తేర్, స్టెయర్, మోరిని వంటి విదేశీ పేర్లు స్కోరు నిలకడగా పెరుగుతున్నప్పుడు చూసుకోవచ్చు. పాత పోటీ తుపాకీ కొంటే గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చదవండి. పోటీ నిబంధనల ప్రకారం సిలిండర్ ఆయుష్షు 10 ఏళ్లే.

లైసెన్సు అక్కరలేదు కదా అని మేడ మీద నుంచి పావురాలను కాల్చడం క్రీడ కాదు. సీసపు గుండు కన్ను తీయగలదు, పక్షులను చంపడం వేరే చట్టం కిందికి వస్తుంది.

పెళ్లి ఊరేగింపులో గాలిలోకి ఒకటి రెండు రౌండ్లు కాల్చవచ్చా?

వద్దు. 2019 సవరణ ప్రకారం వేడుకల్లో ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా కాల్చితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇంట్లో ఆడవాళ్లు వద్దంటున్నారు. ఎలా ఒప్పించాలి?

ఒప్పించే ముందు వారు ఎందుకు వద్దంటున్నారో వినండి. పిల్లల గురించి భయపడితే, తాళం ఉన్న పెట్టె, తుపాకీకీ తూటాలకూ వేర్వేరు చోట్లు, తాళం చెవి ఎవరి వద్ద ఉంటుందన్న స్పష్టత, ఇవి చూపి మాట్లాడవచ్చు. బీరువాలో చీరల కింద, దిండు కింద, కారు డాష్‌బోర్డులో పెట్టడం భద్రపరచడం కాదు.

ఇంట్లో ఎవరైనా మానసికంగా కుంగిపోయి ఉన్నా, తాగి గొడవపడే అలవాటు ఉన్నా, అప్పుల ఒత్తిడిలో ఉన్నా, ఆ ఇంట్లోకి తుపాకీ తేవడాన్ని వాయిదా వేయమని గట్టిగా చెబుతాము. ఇప్పటికే ఉంటే, పరిస్థితి చక్కబడే వరకు లైసెన్సు ఉన్న వ్యాపారి వద్ద రసీదు తీసుకుని దాచిపెట్టవచ్చు. క్షణికావేశానికీ మనిషికీ మధ్య పదిహేను నిమిషాల దూరం ఉన్నా ఒక ప్రాణం నిలబడుతుంది.

ఫోనులో ప్రకటన వచ్చింది. లైసెన్సు లేకుండానే పిస్టల్ ఇంటికి పంపుతామంటున్నారు.

సాధారణంగా అది మోసం, అడ్వాన్సు తీసుకుని మాయమవుతారు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఒకవేళ నిజంగానే పంపితే ఇంకా కష్టం. లైసెన్సు లేని తుపాకీ దగ్గర ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు, నిషిద్ధ ఆయుధమైతే ఏడు నుంచి పద్నాలుగేళ్లు. నాటు తుపాకీ చౌకగా దొరికిందన్నా ఇదే సమాధానం, పైగా అది కాల్చినవాడి చేతిలోనే పగలవచ్చు.

హైదరాబాద్‌లో బంధువుల ఇంటికి వెళ్లేటప్పుడు వెంట తీసుకువెళ్లవచ్చా?

లైసెన్సు మీద ప్రాంతం ఆంధ్రప్రదేశ్ అని ఉంటే గరికపాడు చెక్‌పోస్టు దాటాక అది చెల్లదు. తెలంగాణ వేరే రాష్ట్రం. పరిధి పెంచమని ముందుగా దరఖాస్తు చేయాలి, లేదా ఆ రెండు రోజులూ తుపాకీని డీలర్ వద్ద ఉంచి వెళ్లాలి. వేరే రాష్ట్రంలోని దుకాణంలో కొని తేవాలనుకున్నా ముందు మీ లైసెన్సు అధికారిని అడగండి.

ఎన్నికలప్పుడు తుపాకీ అప్పగించాలా?

ప్రవర్తనా నియమావళి అమలులోకి వచ్చాక జిల్లా స్థాయి కమిటీ లైసెన్సులను పరిశీలించి, ఎవరు డిపాజిట్ చేయాలో చెబుతుంది. నోటీసు వస్తే గడువులోగా పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, తుపాకీ నంబరు, తూటాల సంఖ్య, దాని స్థితి రాసిన రసీదు తీసుకోండి. అప్పగించే ముందు నూనె పూసి, మెత్తటి గుడ్డలో చుట్టి, సంచికి మీ పేరు రాసి ఇవ్వండి. స్టేషన్ గదుల్లో తేమకు నెలల తరబడి ఉన్న తుపాకీ తుప్పుతో తిరిగిరావడం మామూలే. తిరిగి తీసుకున్న రోజునే, సంతకం పెట్టడానికి ముందు, అక్కడే తెరిచి నంబరు సరిచూసుకోవాలి.